చేతి వణుకూ, కటకం నిలకడా

ఆరడుగుల వెదురుకర్రను ఒక చివర పట్టుకొని, రెండో చివరను గోడమీద గీసిన చుక్కకు గురిపెట్టి చూడండి. మీ పిడికిలి కదలనట్టే ఉంటుంది. కర్ర కొన మాత్రం చుక్క చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఆరోగ్యవంతుడి చెయ్యి కూడా సెకనుకు సుమారు 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకుతుంది. కర్ర ఎంత పొడవైతే కొన అంత ఎక్కువగా ఊగుతుంది.

కెమెరాలో ఈ కర్ర పొడవులాంటిదే కటకపు నాభ్యంతరం. ఒక చిన్న లెక్క వేద్దాం. ఫొటో తీసే క్షణంలో కెమెరా డిగ్రీలో 60వ వంతు మాత్రమే తిరిగిందనుకోండి. 50 మిల్లీమీటర్ల కటకంతో ప్రతిబింబం 0.015 మి.మీ. జరుగుతుంది. 300 మిల్లీమీటర్ల కటకంతో 0.087 మి.మీ. జరుగుతుంది. 36 మి.మీ. వెడల్పున్న సెన్సర్‌లో అడ్డంగా 6000 బిందువులుంటే ఒక్కో బిందువు వెడల్పు 0.006 మి.మీ. అంటే మొదటి కటకంతో బొమ్మ రెండు మూడు బిందువుల మేర చెదిరితే, రెండోదానితో పద్నాలుగు బిందువుల మేర చెదిరిపోతుందన్నమాట! పిట్ట ముక్కు ఆకారం, రెక్కమీది చారలు అలికినట్టయిపోతాయి. ఇక ఆ పిట్ట ఏ జాతిదో చెప్పడం ఎలా?

అందుకే ఫొటోగ్రాఫర్లు ఒక సూత్రం పాటిస్తారు. 300 మి.మీ. కటకాన్ని చేత్తో పట్టుకుంటే షట్టరు సెకనులో 300వ వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉండకూడదు. కాని భద్రాచలం, పాల్వంచ అడవుల్లో పొద్దు వాలాక వెదురు పొదల కింద అంత వెలుతురు ఎక్కడిది? 1940లలో గోదావరి ఒడ్డు కొండల్లో కొండరెడ్ల జీవితాన్ని పరిశీలించిన హైమెండార్ఫ్ ఎన్నో ఛాయాచిత్రాలు తీశాడు. ఆనాడు చేతి వణుకును సరిదిద్దే కటకాలు లేవు. నిలకడైన చెయ్యో, గట్టి ఆధారమో, మంచి వెలుతురో ఉండవలసిందే.

1994లో నికాన్ సంస్థ ఒక చిన్న కెమెరాలోనూ, 1995లో కెనాన్ సంస్థ మార్చుకోదగిన 75-300 మి.మీ. కటకంలోనూ ఈ వణుకును సరిదిద్దే ఏర్పాటు తెచ్చాయి. అది పనిచేసే తీరు ఇది. కటకం గొట్టంలో నిరంతరం కంపించే అతి చిన్న భాగాలున్న సెన్సర్లు ఉంటాయి. కెమెరా తిరిగినప్పుడు ఆ కంపనం పక్కకు నెట్టబడుతుంది. దాన్నిబట్టి ఎటు, ఎంత వేగంగా తిరిగిందో ఒక చిన్న కంప్యూటరు లెక్కగడుతుంది. వెంటనే విద్యుదయస్కాంతాలు లోపలి కటకాల్లో కొన్నింటిని జరిపి ప్రతిబింబాన్ని మళ్ళీ మొదటి చోటికే తెస్తాయి. నాలుగు మెట్ల సాయం చేసే కటకమైతే 1/300 సెకను బదులు సుమారు 1/20 సెకను వరకు చేత్తోనే తీయవచ్చు.

మరి అదే కటకాన్ని ముక్కాలి స్టాండుమీద బిగిస్తే? ఇంకా మంచిదే కదా అనిపిస్తుంది. కాని స్టాండుమీద సరిదిద్దడానికి వణుకే లేదు. సెన్సర్లలో మాత్రం ఎప్పుడూ కొంత అబద్ధపు సంకేతం ఉంటుంది. చేతిలో ఉన్నప్పుడు అసలు వణుకు ముందు అది లెక్కలోకి రాదు. స్టాండుమీద అదొక్కటే మిగులుతుంది. యంత్రం దాన్నే కదలికగా భావించి కటకాన్ని జరుపుతుంది. ఆ జరుగుడు వల్ల గొట్టం అదురుతుంది. ఆ అదురును సెన్సర్ మళ్ళీ పసిగడుతుంది! పందిట్లో మైకును లౌడ్‌స్పీకరు ముందు పెడితే కుయ్యిమని మోగడం మీరు వినే ఉంటారు. ఇదీ అలాంటి వలయమే. నిలకడ కోసం పెట్టిన యంత్రమే బొమ్మను చెడగొడుతుంది.

1999లో వచ్చిన కెనాన్ పెద్ద టెలిఫోటో కటకాలు స్టాండుమీద ఉన్నామని తామే గుర్తించేలా తయారయ్యాయి. నేటి కటకాల్లో చాలావాటికి ఈ నేర్పు ఉంది, కొన్నింటికి లేదు. కాబట్టి కటకంతో వచ్చిన పుస్తకాన్ని చదివి తీరాలి.

ఇప్పుడు మూడు సందర్భాలు చూద్దాం. కిన్నెరసాని జలాశయం ఒడ్డున మొసలి కదలకుండా పడుకుంది. గట్టి నేలమీద స్టాండు వేసి, కటకంలోని ఏర్పాటును ఆపివేసి, షట్టరును నెమ్మదిగా తెరవండి. గోదావరిలో లాంచీమీద ఉన్నారు. ఇంజను అదురు స్టాండు కాళ్ళగుండా కెమెరాకు ఎక్కుతుంది. ఇక్కడ స్టాండు వద్దు. మీ మోకాళ్ళూ మోచేతులూ ఆ అదురును కొంత మింగేస్తాయి, మిగిలినదాన్ని కటకం చూసుకుంటుంది. కరెంటు తీగమీది పాలపిట్ట ఎగిరింది. అప్పుడు స్టాండూ, కటకంలోని ఏర్పాటూ రెండూ చాలవు. అవి ఆపేది కెమెరా కదలికనే గాని పిట్ట కదలికను కాదు. షట్టరు వేగం ఒక్కటే దిక్కు.

బడిలో ఎవరి దగ్గరైనా ఇలాంటి కెమెరా ఉంటే ఒక ప్రయోగం చేయండి. గోడకు వార్తాపత్రిక అంటించి, 1/15 సెకనుతో చేత్తో పది, స్టాండుమీద పది బొమ్మలు తీయండి. ప్రతి పదిలో అయిదింటికి ఏర్పాటు పనిచేయాలి, అయిదింటికి ఆగి ఉండాలి. తర్వాత చిన్న అక్షరాలు ఎన్నింటిలో చదవగలుగుతున్నారో లెక్కపెట్టి పట్టిక వేయండి. మీ కటకానికి ఎక్కడ ఏది మంచిదో ఆ పట్టికే చెబుతుంది.