గుర్రానికి గొడ్డు వైద్యం వద్దు

పాడేరు, హుకుంపేట, అనంతగిరి మండలాల్లో రోడ్డు పడని కొండ ఊళ్ళకు ఇవాళ్టికీ గుర్రమే దిక్కు. రేషన్ బియ్యం పైకి చేర్చేది అదే, పసుపూ మిరియాలూ సంతకు దించేదీ అదే. పశువైద్యుడిగా ఆ గుర్రాల మధ్య తిరిగినవాణ్ణి. వాటిని ఇంటి మనిషిలా చూసుకునే యజమానులే అక్కడ ఎక్కువ. అయినా చేజేతులా పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. కారణం చాలాసార్లు ఒకటే: ఆవుకూ ఎద్దుకూ చేసేదే గుర్రానికీ చేయడం.

ఎద్దు నెమరు వేస్తుంది, గుర్రం వెయ్యదు. అంత ఒంటికీ దాని పొట్ట చాలా చిన్నది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్ళిందేదైనా పేగుల గుండా పోవాల్సిందే. సంత నుంచి అలిసి వచ్చిందని జాలిపడి తట్టెడు ఉలవలు ఒక్కసారే ముందు పోస్తే, అవి లోపల పులిసి, గ్యాసు పట్టి, శూల లేస్తుంది. ముందుకాలితో నేల గీకుతుంది, డొక్కవైపు మాటిమాటికీ తిరిగి చూసుకుంటుంది, చెమటలు కక్కుతూ దొర్లుతుంది. అప్పుడు ఎద్దుకు పోసినట్టు వెదురు గొట్టంతో నూనో కషాయమో పోశారా, అది ఊపిరితిత్తుల్లోకి దిగిపోవచ్చు. మేత తీసేసి, డాక్టరుకు కబురు పెట్టండి. అంతకుమించి ఏమీ చేయకండి.

ఓ పెద్దాయన తెల్లారకముందే కొండ దిగి వచ్చి, "బాబూ, నిన్న సాయంత్రం నుంచీ లద్దె వెయ్యలేదు" అన్నారు. వెంటనే బయల్దేరాను. డొక్కకు చెవి ఆనిస్తే ఆరోగ్యంగా ఉన్న గుర్రం కడుపులో ఎప్పుడూ గుడగుడలాడుతూనే ఉంటుంది. ఆ గుర్రంలో ఏ చప్పుడూ లేదు. దవడ ఎముక లోపలి అంచున వేలు పెడితే నాడి దొరుకుతుంది. ఊరికే నిలబడ్డప్పుడు నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి, అది 60 దాటింది. చిగురు మీద బొటనవేలితో నొక్కి వదిలితే 2 సెకన్లలో గులాబి రంగు తిరిగి రావాలి, ఆలస్యమైంది. ఆయన ముందుగా గమనించారు కాబట్టే ఆ గుర్రం దక్కింది. నా దృష్టిలో పొద్దున్నే లద్దె చూసే యజమానిని మించిన వైద్యుడు లేడు.

గడ్డి రోజంతా అందుబాటులో ఉండాలి. దాణా కొద్దికొద్దిగా, రెండు మూడు పూటలు. బూజు పట్టిన మొక్కజొన్న ముట్టించవద్దు, అందులోని విషం గుర్రం మెదడునే పాడుచేస్తుంది. కోళ్ళ దాణా అసలే వద్దు. కోళ్ళకు జబ్బు రాకుండా కలిపే మోనెన్సిన్ కొంచెం కడుపులోకి వెళ్ళినా గుర్రం గుండె దెబ్బతింటుంది.

పశువుల పక్కనే కట్టేయడంలోనూ ఒక ముప్పుంది. సర్రా జబ్బు క్రిమిని గేదె ఏ లక్షణమూ లేకుండా ఒంట్లో మోసుకు తిరగగలదు. జోరీగ దాన్ని కుట్టి వచ్చి గుర్రాన్ని కుడితే, వచ్చిపోయే జ్వరం, పొట్ట కింద నీరు, తిన్నా చిక్కిపోవడం. వానాకాలంలో ఈ లక్షణాలు కనిపిస్తే రక్తం పరీక్ష చేయించండి. చికిత్స ఉంది, ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

పెంపుడు పశువుల్లో ధనుర్వాతం గుర్రాన్ని పట్టినంత తేలిగ్గా మరి దేన్నీ పట్టదు. గిట్టలో మేకు దిగితే చాలు, ఒళ్ళు కొయ్యబారిపోతుంది, కంటి మూలనుంచి పొర అడ్డం వస్తుంది. మొదట నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండు టీకాలు, తర్వాత డాక్టరు చెప్పినట్టు బూస్టరు వేయిస్తే ఆ భయం ఉండదు. రోజూ పని ముగిశాక నాలుగు గిట్టలూ ఎత్తి, ఇరుక్కున్న రాళ్ళూ బురదా తీసేయండి.

గ్లాండర్స్ అనే అంటుజబ్బు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ముక్కులోంచి చిక్కటి చీము, కాళ్ళ వెంట పగిలే గడ్డలు కనిపిస్తే పిల్లల్ని దగ్గరికి రానీయకండి, అది మనుషులకూ సోకుతుంది. టీకా లేదు. పశువుల అంటువ్యాధుల మీద వచ్చిన 2009 నాటి చట్టం ప్రకారం వెంటనే పశువైద్యశాలకు తెలియజేయాలి. నమూనా హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్తుంది. సంతలో నలుగురి గుర్రాలూ తాగే తొట్టిలో మీ గుర్రం మూతి పెట్టనివ్వకండి. ఇంటినుంచే బకెట్టు పట్టుకెళ్ళండి.