నచ్చిన పుస్తకం నుంచి మరో పుస్తకానికి

పాఠ్యప్రణాళికలోని పుస్తకాలు పరీక్షలతో పూర్తవుతాయి. ఆ తరవాత ఏం చదవాలో చెప్పేవారు మీ దగ్గర ఉండకపోవచ్చు. రెగ్యులర్ కళాశాలలో అధ్యాపకుడు, తోటి విద్యార్థులు, గ్రంథాలయం ఒకే ఆవరణలో ఉంటారు. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ చదివే మీకు ఆ వీలు తక్కువ. కాబట్టి తరవాతి పుస్తకాన్ని మీరే వెతుక్కోవాలి. ఇప్పటికే మీకు నచ్చిన పుస్తకమే అందుకు ఆధారం. అయితే ఆ పుస్తకం దేని గురించి రాసింది అనేది ఒక ప్రశ్న, అందులో మిమ్మల్ని పట్టి ఉంచింది ఏమిటి అనేది మరొక ప్రశ్న. ఈ రెండూ ఒకటే అనుకుని నేను ఒకసారి పొరబడ్డాను.

కొన్నేళ్ల కిందట సంపర్క తరగతిలో ఒక విద్యార్థిని, నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ చదివానని, అలాంటిదే మరొకటి చెప్పమని అడిగింది. సేద్యం చేసుకునే కుటుంబం కదా అని వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టి మనిషి’ ఇచ్చాను. కొన్ని తరాల రైతు కుటుంబాన్ని చూపించే మంచి నవల అది. తరవాతి తరగతికి దాన్ని సగం చదివి తిరిగి తెచ్చింది. “బాగానే ఉంది సార్. కానీ ఇందులో మా అమ్మ మాట్లాడినట్టు ఎవరూ మాట్లాడరు” అంది. ఆమెది చిత్తూరు జిల్లా. నామిని రచనలో ఆమెకు నచ్చింది సేద్యం కాదు, ఆ జిల్లా ఇంటి మాట. ఆ మాటలో ఒక పిల్లవాడు తన ఇంటి సంగతులు చెప్పుకొచ్చిన తీరు. ఆ లెక్కన ఇవ్వవలసింది మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’. అందులోది నెల్లూరు ప్రాంతపు ముస్లిం కుటుంబం, సేద్యం ఊసు లేదు. అయినా పిల్లవాడి గొంతు ఉంది, ఇంటి భాష ఉంది, లేమిని నవ్వుతూ చెప్పడం ఉంది. ఆ పుస్తకం పట్టుకుని మరుసటి తరగతికి వెళ్లాను. ఆమె రాలేదు. కొత్తగా చదవడం మొదలుపెట్టినవారు ‘పుస్తకాలు నాకు పడవు’ అనుకోవడానికి ఒక్క పొరపాటు సలహా చాలు.

ఒకే పుస్తకం వేర్వేరు పాఠకులను వేర్వేరు దారులకు పంపుతుంది. 1969లో వచ్చిన నవీన్ నవల ‘అంపశయ్య’ తీసుకోండి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు అందులోని కథ. రవి మనసులో ఒకదాని వెంట ఒకటి తోసుకువచ్చే ఆలోచనలు మీకు నచ్చి ఉంటే, అంటే చైతన్యస్రవంతి పద్ధతి నచ్చి ఉంటే, రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ చదవండి. అందులో ఉన్నది విద్యార్థి కాదు, అడుగడుగునా భయపడే సుబ్బయ్య అనే చిరుద్యోగి. ఊరు, వయసు, సమస్య అన్నీ వేరు. మనసులోకి తొంగిచూసే పద్ధతి మాత్రం దగ్గరిది. అలా కాక ‘తరవాత రవి ఏమయ్యాడు?’ అన్నదే మీ ఆరాటమైతే నవీనే రాసిన ‘ముళ్లపొదలు’, ‘అంతస్స్రవంతి’ ఉన్నాయి. తెలంగాణ జీవితం కోసమే చదివి ఉంటే కాలంలో కొంత వెనక్కు, నిజాం పాలన నాటికి వెళ్లండి. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ అక్కడ దొరుకుతాయి.

అదే రచయిత మరో పుస్తకం అందుకోవడం అందరూ చేసే పని, తప్పు లేదు. కానీ అది ప్రతిసారీ కుదరదు. బుచ్చిబాబు రాసిన నవల ‘చివరకు మిగిలేది’ ఒక్కటే. అందులో దయానిధి అంతర్మథనం మిమ్మల్ని వెంటాడితే గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ వైపు నడవాలి. అక్కడి సీతారామారావు మీకు దయానిధి అంత ఇష్టుడు కాకపోవచ్చు. నాకైతే కాలేదు. కానీ ఆ నవలను మధ్యలో వదలలేకపోయాను.

అనువాదాలకూ ఇదే వర్తిస్తుంది. అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’లో, ఒక మనిషి తన పూర్వీకుల ఆనవాలు వెతుక్కుంటూ పోవడం మీకు నచ్చిందా? అయితే మరో ఆఫ్రికా పుస్తకం కోసం చూడనక్కరలేదు. వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’ తెరవండి. తెలంగాణకు చెందిన ఒక దళిత కుటుంబం తరతరాల కథ అది.

గ్రంథాలయంలో ఒక జాగ్రత్త. నవలలు సాధారణంగా రచయితల పేర్ల వరసలో ఉంటాయి. కాబట్టి మీకు నచ్చిన నవల పక్కన ఉన్నది దానికి బంధువు కానక్కరలేదు. చరిత్ర, శాస్త్ర గ్రంథాలు విషయాన్నిబట్టి ఉంటాయి గనుక అక్కడ పక్క పుస్తకాన్ని నమ్మవచ్చు. నవలకైతే ముందుమాట చూడండి. అందులో ఇతర రచనల పేర్లు తగులుతుంటాయి.

అభ్యాసం: మీకు బాగా నచ్చిన ఒక పుస్తకంలో మళ్లీ చదవాలనిపించే రెండు పేజీలు గుర్తించండి. కథ చెప్పకుండా, ఆ పేజీలు మీకెందుకు నచ్చాయో మూడు వాక్యాలలో రాయండి. ఆ కాగితాన్ని గ్రంథపాలకునికో, పుస్తకాలు చదివే మిత్రునికో చూపించి, ఏ పుస్తకం చదవమంటారో అడగండి.