మీటింగులో ఎవరి మాట వినాలి?

“డాక్టరుగారు మీటింగులో ఉన్నారు” అంటే బయట కూర్చున్నవారికి విసుగు రావడం సహజమే. కాని ఆ మీటింగులో ఎవరికి మాట్లాడే వీలుందో దానిమీదే మీ వైద్యం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ప్రభుత్వ వైద్య వ్యవస్థ మెట్ల వరుస వంటిది. మైదాన ప్రాంతాల్లో సుమారు 1,000 మందికి ఒక ఆశా కార్యకర్త, 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నియమం. ఆపైన పెద్దాసుపత్రులు. లెక్కలు కిందినుండి పైకి, ఆదేశాలు పైనుండి కిందికి నడుస్తాయి. ఇలాంటి చోట మీటింగు అంటే టీకాలు, కాన్పుల లెక్క అప్పజెప్పడమే అయిపోవచ్చు. “ఫలానా గర్భిణికి ముఖం, కాళ్ళు వాస్తున్నాయి, ఇంట్లోవాళ్ళు పట్టించుకోవడం లేదు” అన్న సంగతి ఏ లెక్కలోనూ ఉండదు. అది తెలిసేది ఆశా కార్యకర్తకే. అడిగేవారుంటేనే ఆమె చెబుతుంది.

జిల్లా మారితే

2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడేవరకు పెన్‌పహాడ్, కోదాడ, మిర్యాలగూడ అన్నీ నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు మిర్యాలగూడ మాత్రం నల్లగొండలో ఉంది. జిల్లా అధికారులు వేరు, సమీక్షలు వేరు. నొప్పులకు సరిహద్దు తెలియదు కదా! మన ఊరి గర్భిణి మిర్యాలగూడలో చేరితే ఆమె బి.పి. సంగతి అక్కడివారికి చెప్పేది ఆమె చేతిలోని కార్డే.

అందరూ మాట్లాడితే

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ల కోసం 19 అంశాల పట్టిక తెచ్చింది. కోత పెట్టేముందు సర్జన్‌తోపాటు నర్సు కూడా తన పేరు, పని చెప్పి, తన అనుమానం బయటపెట్టాలి. ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ మిషన్ ఆసుపత్రితో సహా 8 ఆసుపత్రుల్లో దీనిని పరీక్షించారు. మరణాలు 1.5 శాతం నుండి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది.

అందుకే డ్యూటీ మారేటప్పుడు ముందుగా రాత్రంతా మంచం దగ్గరున్న సిస్టరు మాట, ఆయమ్మ మాట వినాలని మేము అంటాము.

మీరు చేయవలసినవి

1. తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జి కాగితం, మందుల చీటీలు ఒకే సంచిలో పెట్టి, ఏ ఆసుపత్రికి వెళ్ళినా తీసుకువెళ్ళండి.
2. రాత్రి రోగిలో కనబడిన మార్పును ఉదయం వచ్చిన సిస్టరుకు మళ్ళీ చెప్పండి.
3. “ఈ సంగతి డాక్టరుగారికి తెలుసా అమ్మా?” అని అడగండి. అడిగితే మేమేమీ అనుకోము.