పది కీబోర్డులు, ఒకే టీచర్.. పిల్లల పియానో క్లాసు ఎలా నడుస్తుంది?

విజయవాడలో సంగీతం అనగానే ఘంటసాల పేరుతో ఉన్న ప్రభుత్వ కళాశాల, కర్ణాటక పాఠాలు గుర్తొస్తాయి. పియానో అంటే ఖర్చని చాలామంది తల్లిదండ్రుల భయం. డిజిటల్ కీబోర్డులు వచ్చాక ఆ భయం కొంత తగ్గింది.

చిన్నపిల్లలకు గుంపుగా నేర్పడం కొత్తేమీ కాదు. జపాన్‌లో యమహా 1954లోనే మొదలుపెట్టింది. ఇప్పుడు ఒక్కో పిల్లకు ఒక కీబోర్డు, హెడ్‌ఫోన్ ఇస్తారు. టీచర్ తన దగ్గరున్న స్విచ్ నొక్కి ఎవరిది కావాలంటే వాళ్లది వింటారు, వాళ్లతోనే మాట్లాడతారు. మిగతావాళ్ల ప్రాక్టీస్ ఆగదు. 1983లో వచ్చిన మిడి పద్ధతి వల్ల ఏ మీట ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారో కంప్యూటర్‌కు తెలుస్తుంది. కానీ మణికట్టు బిగబట్టి వాయిస్తే మిడికి తెలియదు, అది టీచర్ కళ్లతో చూసి సరిచేయాల్సిందే. అందుకే ఫీజు కట్టేముందు ఒక్కో టీచర్‌కు ఎంతమంది పిల్లలో అడగండి.

పియానోకు 88 మీటలు, మామూలు కీబోర్డుకు 61. మొదట్లో 61 చాలు. అయితే మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికేదే కొనాలి. ట్రినిటీ కాలేజ్ లండన్ పరీక్షల్లో పియానో వేరు, ఎలక్ట్రానిక్ కీబోర్డు వేరు. దేనికి తయారుచేస్తున్నారో ముందే తెలుసుకోకపోతే తర్వాత రెండో ఖర్చు తప్పదు.

సాయంత్రం అరబీ చదువుకు వెళ్లే పిల్లలైతే టైమింగ్ కూడా చూసుకోవాలి. ఇంట్లో ప్రాక్టీస్‌కు హెడ్‌ఫోన్ ఉంటే నమాజు చదివే పెద్దలకు ఇబ్బంది ఉండదు.