వెనుక వెలిగే దీపం

కారుకు అమర్చిన దీపాలలో అధికభాగం దానిని నడిపేవానికి ఉపకరించేవే. ముందు దీపాలు అతనికి దారి చూపుతాయి. స్టీరింగు ఎదుటి పలకపై మెరిసే చిన్న దీపాలు ఇంజను క్షేమసమాచారం తెలుపుతాయి. బ్రేకు దీపం మాత్రం పూర్తిగా పరుల కోసం ఏర్పడింది. అది వెలిగిందో లేదో సాధారణంగా చోదకునికి కనిపించదు. వెనుక వస్తున్నవారికే కనిపిస్తుంది. కనుకనే ఆ దీపం చెడిపోయిన సంగతి లోకంలో అందరికన్నా ఆలస్యంగా తెలిసేది దాని యజమానికే.

గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో 20 మీటర్లు ముందుకు సాగుతుంది. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై వానరాత్రి ఒక కారు వెళ్తున్నదనుకుందాం. ఎదురుగా గేదె అడ్డురాగా చోదకుడు బ్రేకు తొక్కాడు. వెనుక బరువుతో వస్తున్న లారీ డ్రైవరుకు ముందున్న కారు ఆకారం కనబడదు. రెండు ఎర్రని చుక్కలే కనబడతాయి. ఆ చుక్కలు ఒక్కసారిగా ప్రకాశిస్తే అతని పాదం వెంటనే బ్రేకు మీదికి పోతుంది. అవి అలాగే మందంగా ఉండిపోతే, నడుమ దూరం తరిగిపోతున్నదని అతడు గ్రహించడానికి రెండు సెకన్లు పట్టినా నలభై మీటర్ల దారి చేజారినట్లే. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 బ్రేకు దీపాలను తప్పనిసరి చేయడంలోని ఆంతర్యమిదే.

ఇంతటి బాధ్యత వహించే దీపాన్ని వెలిగించేది బొటనవ్రేలంత స్విచ్చి. మారుతి 800 వంటి కార్లలో ఇది బ్రేకు పెడలుకు పైభాగాన, ఒక ఇనుప పట్టీకి బిగించి ఉంటుంది. దాని కొన నుంచి స్ప్రింగుతో కూడిన చిన్న కడ్డీ బయటకు పొడుచుకొని వస్తుంది. పాదం మోపనప్పుడు పెడలు కాడ ఆ కడ్డీని లోపలికి నొక్కి ఉంచుతుంది. అప్పుడు విద్యున్మార్గం తెగి ఉంటుంది. పెడలు తొక్కగానే కాడ దూరంగా జరుగుతుంది, కడ్డీ స్వేచ్ఛ పొంది వెలికి వస్తుంది, లోపలి లోహపు పలకలు కలుసుకొంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా వచ్చిన విద్యుత్తు దీపాలకు చేరుతుంది. నొక్కితే వెలిగే ఇంటి గంట మీటకు ఇది సరిగ్గా విలోమం: వదలితేనే పనిచేస్తుంది.

నగరంలో తిరిగే కారు ఒక్క ప్రయాణంలోనే వందసార్లు బ్రేకు వేయవలసి రావచ్చు. బల్బులోని తీగ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం చాలా తక్కువ. అందువల్ల వెలిగిన తొలి క్షణంలో మామూలుకన్నా అనేక రెట్లు విద్యుత్తు ప్రవహిస్తుంది. ఆ తాకిడికి లోహపు పలకలు కొద్దికొద్దిగా కాలి, మసిబారి, చివరకు కలిసినా విద్యుత్తును ప్రసరింపజేయలేని స్థితికి వస్తాయి.

‘నిదానం’ అంటే తెలుగువారి వాడుకలో తొందరపడకపోవడం. సంస్కృతంలో దానికి మూలకారణమని అర్థం. రోగకారణాన్ని నిర్ణయించడాన్ని వైద్యశాస్త్రం నిదానమనే పేర్కొన్నది. మెకానిక్ షెడ్డులో ఈ రెండర్థాలూ ఏకమవుతాయి. దీపం వెలగలేదనగానే స్విచ్చి మార్చేవాడు తొందరపాటు వైద్యుడు. ఒక దీపం వెలిగి, రెండవది వెలగకపోతే దోషం స్విచ్చిది కాదు. ఆ బల్బుదో, దాని హోల్డరుదో అయి ఉంటుంది. చాలా కార్ల వెనుక బల్బులో రెండు తీగలుంటాయి: రాత్రి దీపానికి 5 వాట్లది, బ్రేకుకు 21 వాట్లది. ఒకటి తెగినా రెండవది వెలుగుతూనే ఉంటుంది కనుక, రాత్రి దీపం బాగున్నదని నిశ్చింతగా ఉండరాదు. బ్రేకు దీపాలన్నీ ఒకేసారి ఆరిపోతే అనుమానం ఫ్యూజు మీదికి, స్విచ్చి మీదికి పోవాలి. కొన్ని కార్లలో హారనుకూ బ్రేకు దీపాలకూ ఒకే ఫ్యూజు ఉంటుంది. హారను కూడా మూగబోతే ముందుగా చూడవలసినది దానినే. కొత్త ఫ్యూజు వేసి బ్రేకు తొక్కగానే అదీ కాలిపోతే ఎక్కడో వైరు ఒరుసుకుపోయి ఇనుమును తాకుతున్నదని గ్రహించాలి. ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టే అలవాటు కారుకు నిప్పుపెట్టడంతో సమానం.

ఫ్యూజు బాగున్నట్లయితే స్విచ్చికి చేరే వైర్ల కప్లరును ఊడదీయాలి. రెండే వైర్లున్న పక్షంలో పరీక్ష సులభం. టెస్టు ల్యాంపు ఒక కొసను కారు ఇనుప భాగానికి తగిలించి, రెండవ కొసతో వైర్లను ఒక్కొక్కటిగా తాకాలి. ఒకదానిలో విద్యుత్తు కనిపించాలి. ఆపై ఆ రెండింటినీ చిన్న తీగతో కలిపితే వెనుక దీపాలు వెలిగాయంటే దోషం స్విచ్చిదేనని తేలుతుంది. వెలగకపోతే వైర్లను, ఎర్తును వెదకాలి. నాలుగు వైర్లున్న కొత్త కార్లలో ఈ ప్రయోగం చేయరాదు. అక్కడ స్విచ్చి కంప్యూటరుకు కూడా కబురు పంపుతుంది. అటువంటి ఆటోమేటిక్ కారులో గేరు కడ్డీ కదలక మొరాయిస్తే, యజమాని గేరుపెట్టెను నిందిస్తాడు గాని అసలు నేరస్థుడు ఈ స్విచ్చి కావచ్చు.

దీపం ఆరకుండా వెలుగుతూనే ఉండడం మరొక వ్యాధి. పెడలు కాడకు కడ్డీ తాకేచోట ఒక చిన్న రబ్బరు బిళ్ల ఉంటుంది. అది ఎండి రాలిపోతే కడ్డీ ఆ రంధ్రంలోకి దూరి, బ్రేకు వేసినట్లే దీపం నిలిచిపోతుంది. తెల్లవారేసరికి బ్యాటరీ నిర్జీవమవుతుంది. అంతకన్నా అపాయమేమంటే, ఎల్లప్పుడూ వెలిగే దీపాన్ని వెనుకవారు నమ్మడం మానేస్తారు.

మార్పిడి పని కష్టమైనది కాదు. పెడళ్ల కిందికి తలదూర్చి పడుకోవడమే కష్టం. ముందుగా బ్యాటరీ రుణధ్రువపు వైరు విప్పాలి. కప్లరు తీసి, మరలున్న స్విచ్చి అయితే బిగింపు నట్టును పానాతో వదులుచేసి స్విచ్చిని తిప్పి తీయాలి. అదే నమూనా కొత్తదానిని ఎక్కించి, పెడలును పూర్తిగా పైకి లాగి పట్టుకొని, మరల చివరకూ పెడలు కాడకూ నడుమ సందు సరిచూడాలి. సుజుకీ తరహా కార్లలో అది సుమారు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు ఉండాలి. తక్కినవాటికి వాటి మాన్యువలే ప్రమాణం. సందు మితిమీరితే దీపం ఆరదు. స్విచ్చి మరీ ముందుకు వస్తే పెడలు పూర్తిగా వెనుకకు రాక, బ్రేకులు చక్రాలను పట్టుకొని వేడెక్కుతాయి. దీపం బాగుచేయబోయి బ్రేకునే చెడగొట్టుకొన్నవారు లేకపోలేదు.

నట్టు బిగించి, వైర్లు కలిపిన పిదప వెనుక నిలిచి చూసే తోడులేకపోతే, చీకటి పడ్డాక కారును ఒక తెల్లగోడకు వీపు పెట్టి నిలపాలి. పెడలుపై పాదం బరువు పడగానే గోడ ఎర్రబారాలి. పాదం తీయగానే ఆ ఎరుపు మాయమవాలి. రెండు మూడుసార్లు మెల్లగా, రెండు మూడుసార్లు గట్టిగా తొక్కి, అద్దంలో ఆ గోడనే చూడాలి.