గోడలోని గొట్టము ఎందుకు మూసుకొనును?

అమెరికా, కెనడా దేశములలో కొన్ని ఇండ్లకు దుమ్మును తీయు యంత్రము ఒక్కటే యుండును. దానిని గరాజులోనో నేలమాళిగలోనో స్థిరముగా బిగింతురు. అచటినుండి 2 అంగుళముల ప్లాస్టిక్ గొట్టములు గోడలలోపలుగా గదులకు పోవును. గోడలోని ద్వారమునకు వంగెడు గొట్టమును తగిలించి ఊడ్చుకొందురు.

యంత్రము దుమ్మును పీల్చుననుట వాడుకమాట. నిజమునకు మోటారు గొట్టములోని పీడనమును తగ్గించును. బయటి గాలి లోనికి తోసుకొనివచ్చుచు దుమ్మును మోసికొనిపోవును. కాలువలో వేగము తగ్గినచోట ఒండ్రు మేటవేయునట్లే, గాలివేగము తగ్గిన గొట్టములో దుమ్ము నిలిచిపోవును. కనుక చిన్న అడ్డు పెద్ద అడ్డునకు దారితీయును.

తొలి అడ్డు తరచుగా ఒక పుల్లయో, తలపిన్నో. అది వంపులో చిక్కుకొనగా వెంట్రుకలు, నూలుపోగులు దానిని పట్టుకొనును. అందుచేత గోడద్వారము వెనుక మాత్రమే కురచవంపును, తక్కినచోట్ల విశాలమైన వంపులను అమర్తురు. మొదటి వంపును దాటిన వస్తువు సాధారణముగా ముందుకు సాగిపోవును, దాటనిది చేతికందును. గొట్టపు కొనలలోని గరుకును గీకివేసి, జిగురును వెలుపలనే పూయవలెను. తడిచెత్తను తీయరాదు, తడిదుమ్ము గోడలకంటుకొనును.

అడ్డుపడినచో మొదట వంగెడు గొట్టమును విప్పి, ద్వారముపై అరచేయి ఉంచి చూడవలెను. బలము బాగుగా నున్నచో అడ్డు విప్పిన గొట్టములోనిదే.

విద్యార్థులకొక లెక్క: గొట్టపు లోపలి వైశాల్యము సుమారు 18 చదరపు సెంటీమీటర్లు. వాతావరణ పీడనము చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోగ్రాము బరువు. మోటారు అందులో నాల్గవవంతు తగ్గించినచో, పూర్తి అడ్డును నెట్టు బలము సుమారు 4.5 కిలోగ్రాముల బరువు మాత్రమే. ఇరుక్కొన్న పుల్లకు అది చాలకపోవచ్చును. నివారణయే మేలు.