దారిలో పడినవానికి తోడు

దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు దాటి తూర్పుగా విజయవాడ దారిని పోవువారికి హయత్‌నగరు, ఆపైని బాటసింగారము తగులును. మీలో అనేకులు ఈ దారిని ప్రయాణము చేసియే యుందురు. గోలకొండ సుల్తానుల కాలమున రాజధానికిని మచిలీపట్నపు రేవునకును నడుమ వర్తకులు నడచినది ఈ దిక్కుననే. 17వ శతాబ్దమున హయాత్ బక్షీ బేగము హయత్‌నగరున మసీదును, దాని చుట్టును బాటసారులు దిగుటకు గదులతో సరాయిని కట్టించెను. చేరువనే పెద్ద బావి కలదు. ముఖపరిచయమైనను లేనివాని కొరకు ముందుగనే చేసి యుంచిన ఏర్పాటది. నేటికిని వేసవిలో దారుల ప్రక్క వెలయు చలివేంద్రములు ఆ కోవలోనివే.

కాని ప్రయాణములో పరాయివారు చేయు మేలంతయు ఇట్లు సిద్ధపరచి యుంచుటకు వీలు కాదు. 2021-22లో గడ్డిఅన్నారము పండ్ల బజారు బాటసింగారమునకు తరలినది. మామిడి కాలమున లారీల రాకపోకలు మెండు. అట్టి దారిలో రాత్రివేళ ఒక యువకుడు మోటారుసైకిలు మీదినుండి పడినాడనుకొందము. అతనివారెవ్వరును దగ్గర లేరు. టీకొట్టు మూయుచున్న మనిషియో, వెనుక వచ్చు లారీ డ్రైవరో ఆగవలెను. మనసుండియు భయముచేత పలువురు సాగిపోవుదురు. పోలీసులు సాక్ష్యమునకు త్రిప్పుదురేమో, ఆసుపత్రివారు డబ్బు కట్టుమందురేమో, చేసిన సాయమే నేరమగునేమో! ఈ భయము ఊరక పుట్టినది కాదు. అయినను నేడు చట్టము సాయపడువాని పక్షముననే యున్నది.

కేంద్రప్రభుత్వము 2015లో చేసిన మార్గదర్శక సూత్రములకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలమునిచ్చెను. 2019లో మోటారు వాహనముల చట్టమునకు 134-ఎ అను సెక్షను చేర్చబడెను. ప్రతిఫలము కోరక, సద్భావముతో సాయపడినవాని చేత పొరపాటున గాయపడినవానికి హాని కలిగినను, అతనిపై సివిలు దావా గాని క్రిమినలు కేసు గాని చెల్లదు. పేరు, చిరునామా చెప్పితీరవలెనని పోలీసులు అతనిని నిర్బంధింపరాదని 2020 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. సాక్షిగా నుండుట అతని యిష్టము. ఆసుపత్రివారు అతనిని నిలిపి యుంచరాదు; చేర్చుకొనుటకు రుసుము అడుగరాదు.

ఇక చేయవలసిన పని. గాయపడిన తరువాతి మొదటి గంట మిక్కిలి విలువైనది. వెంటనే 108కు ఫోను చేయవలెను. ఈ సేవ మన ప్రాంతమున 2005 ఆగస్టు 15న మొదలైనది. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమి పట్టవలెను. మెడను, వెన్నును త్రిప్పరాదు. మంటలవలన గాని వాహనములవలన గాని ప్రాణభయముండిననే తప్ప మనిషిని కదలింపరాదు. ఇచట మన ఆచారమొకటి అడ్డువచ్చును. పడినవానికి దాహమిచ్చుట మనకు పుట్టుకతో వచ్చిన మర్యాద. చలివేంద్రములు పెట్టు జనులము గదా! కాని స్పృహ తప్పినవాని నోట నీరు పోసినచో అది ఊపిరితిత్తులలోనికి దిగి ఊపిరాడకుండ చేయవచ్చును. స్పృహలో ఉన్నవానికి సైతము శస్త్రచికిత్స అవసరము కావచ్చును గనుక, వైద్యుడు చూచువరకు ఏమియు త్రాగనీయకుండుట మంచిది. అంతవరకు చేయి పట్టుకొని మాటలాడుచుండవలెను.

అతడు కోలుకొని, తన్ను తెచ్చి చేర్చినదెవరని అడిగినప్పుడు ఆసుపత్రివారు చెప్పలేకపోవచ్చును. పేరు చెప్పకుండ వెడలిపోవుట ఆ తెచ్చినవాని హక్కు. తానై కోరినచో మాత్రము, గాయపడినవానిని ఫలానా వేళకు తెచ్చి చేర్చినట్లు ఆసుపత్రివారు అతనికి కాగితము వ్రాసి యివ్వవలెను.